పెట్టెలో వచ్చిన కత్తులు

ఆ ఏడాది చెరకు కోత ఇంకా పదిరోజులుందనగా మా ఇంటికి ఒక చెక్కపెట్టె వచ్చింది. మా ఆయన దాన్ని కొలిమి ముందే దింపించి, మేకులు ఊడదీసి, పైనున్న ఎండుగడ్డి తీసి పక్కన పెట్టారు. లోపల పన్నెండు కత్తులు, నూనె కాగితాల్లో చుట్టి, వరసగా పడుకోబెట్టి ఉన్నాయి. చెరకు నరికే పెద్ద కత్తులు. మూరెడు రేకు, నల్లటి ప్లాస్టిక్ పిడి, పిడికి మూడు రివెట్లు, పైన తళతళలాడే వార్నిషు.

మామయ్య బొగ్గులు ఎగదోస్తున్నవారు లేచి వచ్చారు. ఒక కత్తి తీసి బరువు చూశారు. అంచును వెలుతురు వైపు తిప్పి ఒక కన్ను మూసి చూశారు. రేకును గోటితో మీటి చెవి దగ్గర పెట్టుకున్నారు.

"ఎంతకొచ్చింది?"

"నువ్వు చేసే ఒక్కదాని ధరకి నాలుగు, నాన్నా."

"నాలుగా." కత్తిని మళ్ళీ పెట్టెలో పెట్టేశారు. "మనిషికి నాలుగెందుకురా? ఉన్నవి రెండు చేతులేగా."

కొలిమి తీసేసి ఆ స్థలంలో కంపెనీ కత్తులు అమ్మే కొట్టు పెట్టాలని మా ఆయన రెండేళ్ళుగా అంటున్నారు. ఆ పెట్టెల్లో వచ్చే రేకులు ఒక్క కోత నిలవవని మామయ్య రెండేళ్ళుగా అంటున్నారు. ఇద్దరూ ఒకే పళ్ళెం ముందు కూర్చున్నట్టు ఒకే మాట చుట్టూ తిరుగుతుంటే వడ్డించేది అత్తయ్య, నేను.

"రోజూ వినలేక చస్తున్నాను," అన్నారు అత్తయ్య ఆ రోజు. "కోత జట్టులో ఇరవై నాలుగు మంది ఉన్నారుగా. సగం మందికి నీ కత్తులివ్వు, సగం మందికి వాడివివ్వు. ఆఖరి బండి వెళ్ళేనాటికి ఎవరివి ఎక్కువ మిగిలితే వాళ్ళ మాట సాగుతుంది. ఆ తర్వాత నా ముందు కత్తి అన్న మాట వినపడకూడదు."

మా ఆయన తండ్రి ముఖం చూశారు. మామయ్య చేతులు తుడుచుకున్నారు.

"అలాగే కానీ. నావి మిగలకపోతే కొలిమి నా చేత్తోనే తీసేస్తా. లెక్క మాత్రం అమ్మాయి రాయాలి. అది మొగుడని చూడదు, మామని చూడదు."

అమ్మాయి అంటే నేను. డిగ్రీలో రసాయనశాస్త్రం చదువుకుని వచ్చిన కోడల్ని. పెళ్ళయిన కొత్తలో పప్పుడబ్బాల మీద తేదీలు రాసిపెట్టానని ఇంట్లో నాకు లెక్క తప్పదన్న పేరొచ్చింది. నేను ఒక నోటుపుస్తకం తెచ్చుకుని మొదటి పేజీలో నియమాలు రాశాను. ఎవరి కత్తి వాళ్ళే వాడాలి. ఎప్పుడూ ఎలా వాడతారో అలాగే వాడాలి, సుకుమారం చూపించకూడదు. పారేసుకున్నది లెక్కలోకి రాదు. మర్నాడు పొద్దున పనికి వెళ్ళలేని కత్తి పోయినట్టే. రెండు రకాలకీ గుర్తుగా పెట్టెలో వచ్చినవాటి పిడులకు ఎర్ర రంగు చుక్క పెట్టాను. అందరికీ చదివి వినిపించాను. ఏ లోపమూ లేదని తృప్తిపడ్డాను.

*

కోత జట్టుకు పెద్ద ఒక ఆవిడ, మేస్త్రమ్మ అంటారు. చీర మీద మగవాళ్ళ చొక్కా తొడుక్కుని, తలకు గుడ్డ చుట్టుకుని, ఎవరికన్నా రెండు వరసలు ముందుండేది. ఎర్రచుక్క కత్తి తనే తీసుకుంది.

"తేలిగ్గా ఉంది పెద్దాయనా," అంది మామయ్యతో. "నీది ఎత్తితే ఏనుగు తొండం ఎత్తినట్టుంటుంది."

"ఏనుగు ఒక్కసారి కొడితే చాలు. ఇది నాలుగుసార్లు కొట్టాలి."

"నాలుగుసార్లు కొట్టినా మణికట్టు లాగకపోతే నాకదే స్వర్గం."

వారానికొకసారి నేను పొలానికి వెళ్ళేదాన్ని. మధ్యాహ్నం అన్నాల వేళ అందరూ గట్టు మీద కూర్చుంటే కత్తులన్నీ ఒక గోనెపట్టా మీద పరిపించి, ఒక్కొక్కటే చేతిలోకి తీసుకుని చూసేదాన్ని. అంచును వెలుతురు వైపు పట్టాలని మామయ్య చెప్పారు. పదునున్న చోట ఏమీ కనపడదు. మొద్దుబారిన చోట తెల్లటి గీత మెరుస్తుంది. పిడి కదులుతోందా, రేకు వంగిందా, ఎక్కడైనా పలుకు లేచిందా, అన్నీ రాసుకునేదాన్ని.

చెరకు నరకడమొక్కటే కత్తి పని అనుకునేదాన్ని. ఆ కొన్ని వారాల్లో చూస్తే మనుషులు కత్తితో చేయని పని లేదు. గుంజలు దిగ్గొడతారు. చెప్పులకంటిన మట్టి గీకుతారు. పొయ్యిలో కట్టెలు చీల్చి, అదే కత్తితో నిప్పు కదుపుతారు. డబ్బా మూత తెరుస్తారు. బండి చక్రం కింద ఆపుగా పెడతారు. ఒకాయన వీపు గోక్కుంటూ నాకు దొరికిపోయి, "ఇది కూడా రాస్తావామ్మా," అన్నాడు. రాశాను.

మొదటి వారం నా పుస్తకంలో పెట్టె కత్తుల పరిస్థితి ఏమీ బాగాలేదు. వార్నిషు పోయింది. పన్నెండింటిలో తొమ్మిదింటికి అంచు మడత పడింది. నాలుగింటికి పిడులు కదులుతున్నాయి. కానీ రేకు వంగినా తిరిగి నిటారుగా లేచేది. అది ఒప్పుకుని రాయాలి, రాశాను. మామయ్య కత్తుల అంచులో ఒక్క తెల్లగీత లేదు.

రెండో వారం గట్టు పక్కన రాళ్ళ మడి వచ్చింది. రాయి తగిలి మామయ్య కత్తుల్లో ఒకదానికి బొటనవేలి గోరంత పలుకు లేచిపోయింది. నాలుగు రోజుల తర్వాత ఇంకోటి, ఈసారి అంచు నుంచి మధ్య వరకు చీలిక. రెండూ మర్నాడు పనికి వెళ్ళలేదు. అవే రాళ్ళు పెట్టె కత్తులకీ తగిలాయి. వాటి అంచు ముడుచుకుపోయిందే తప్ప విరగలేదు.

ఇంటికొచ్చి చదివి వినిపించాను. మా ఆయన అన్నం కలుపుకుంటూ ఇంకొంచెం పెరుగు అడిగారు.

"గట్టిదానికి పలుకు లేస్తుంది, మెత్తనిది మడత పడుతుంది," అన్నారు మామయ్య. "రాళ్ళలో మెత్తనిదే నయం. అదీ రాసుకో."

*

మూడో వారం నేను గట్టు మీద ఉండగానే జరిగింది. మేస్త్రమ్మ దుబ్బు మొదలు కొడుతోంది. నాలుగో దెబ్బకో ఐదో దెబ్బకో టప్పున చప్పుడైంది. ఆమె చేతిలో పిడి మిగిలింది. రేకు గాలిలో ఒక పల్టీ కొట్టి, పక్క వరసలో వంగి ఉన్న పొడుగాటి మనిషి మోకాలి పక్కగా వెళ్ళి మట్టిలో దిగబడింది. అతన్ని జట్టులో అందరూ నిచ్చెన అంటారు. నిచ్చెన కత్తిని చూశాడు. తన కాలిని చూసుకున్నాడు. పంచె అంచు బెత్తెడు తెగి వేలాడుతోంది.

"మేస్త్రమ్మా," అన్నాడు మెల్లగా, "కోపముంటే నోటితో చెప్పొచ్చుగా."

అందరూ నవ్వారు. మేస్త్రమ్మ నవ్వలేదు. కూర్చుండిపోయి చాలాసేపు నీళ్ళు తాగింది.

రెండు ముక్కలూ గుడ్డలో చుట్టి ఇంటికి తెచ్చాను. రేకు సన్నబడి పిడిలోకి దూరేచోట, లోపలి మూలలో, చతురస్రం మూలలా నిక్కచ్చిగా కోసి ఉంది. విరిగింది అక్కడే. విరిగిన చోట చాలావరకు కొత్త వెండిలా మెరుస్తోంది, మూల దగ్గర మాత్రం వేలి గోరంత మేర నల్లగా ఉంది. అంటే ఆ పగులు ఆ రోజుది కాదు. కొన్ని రోజులుగా ఉంది, నేను చూడలేదు. పిడి కింద దాక్కుని ఉంది.

మా ఆయన రెండు ముక్కలూ కలిపి పట్టుకుని చూశారు. "కంపెనీకి ఉత్తరం రాస్తాను," అన్నారు.

మామయ్య ఆ మూలను గోటితో తడిమి చూశారు. రేకు నిచ్చెన కాలికి ఎంత ఎడంగా పోయిందని నన్ను అడిగారు. జానెడని చెప్పాను.

"సరే. ఒకటి పోయింది, రాసుకో," అని లేచి వెళ్ళారు.

*

నాలుగో వారం నా పుస్తకంలో ఒక వింత కనపడింది. పెట్టె కత్తుల పిడులు కదలడం మానేశాయి. అంచుల్లో తెల్లగీతలు తగ్గాయి. మొదటి వారం కన్నా మెరుగు అని రాసి పక్కన ప్రశ్నార్థకం పెట్టాను. ఐదో వారం ఆ ప్రశ్నార్థకం కింద ఇంకోటి పెట్టాను. మోటుగా వాడేకొద్దీ బాగుపడే వస్తువును నేను అప్పటివరకు చూడలేదు, మనుషులతో సహా.

ఆ మర్నాడు తెల్లవారుతుండగా మామయ్యకు కాఫీ ఇద్దామని కొలిమి వైపు వెళ్ళాను. మామూలుగా అత్తయ్య ఇస్తారు, ఆ రోజు ఆవిడకు నడుం పట్టేసింది. వాకిట్లో గోనెపట్టా మీద ఇరవైకి పైగా కత్తులు పరిచి ఉన్నాయి. మామయ్య ఒళ్ళో ఎర్రచుక్క కత్తి ఉంది. పిడి ఊడదీసి పక్కన పెట్టారు. గుండ్రటి ఆకురాయితో ఆ లోపలి మూలను, పసిపిల్ల చెవి శుభ్రం చేస్తున్నంత నెమ్మదిగా, వంపు తిరిగేలా అరగదీస్తున్నారు.

అప్పుడు నాకర్థమైంది. మా ఊళ్ళో కోత నుంచి వచ్చేవాళ్ళు కాళ్ళు కడుక్కోవడం ఎంత మామూలో, దారిలో కత్తిని కొలిమి వాకిట్లో పెట్టి వెళ్ళడం అంత మామూలు. పొద్దున్నే వచ్చి పట్టుకెళతారు. ఎవరూ చెప్పరు, ఎవరూ అడగరు. పందెం మొదలైన రోజు సాయంత్రం కూడా ఇరవై నాలుగు మందీ అలాగే పెట్టి వెళ్ళారు. మా ఆయనకు తట్టలేదు, అత్తయ్యకు తట్టలేదు. నియమాలు రాసిన నాకూ తట్టలేదు. ఊపిరి పీల్చొచ్చా లేదా అని నియమం రాసుకుంటామా?

"ఎప్పట్నుంచి మామయ్యా?"

ఆయన తలెత్తలేదు. "పిడి ముట్టుకోవడమా? నిచ్చెనగాడి పంచె తెగినప్పట్నుంచి. అంతకుముందు నా కత్తులే సాన పట్టాను. ఇవి అటు తోసేసేవాణ్ణి."

"అన్నీ చూశారా?"

"పదకొండు. మూడింటికి అప్పటికే పగులు మొదలైంది. వాటి పిడిలోకి దూరే తోక కాల్చి, కొట్టి సరిచేశా. మిగతావాటికి పగులు పుట్టకుండా మూల గుండ్రంగా తిప్పా, ఇదే ఆఖరిది. రివెట్లు తీసి మంచివి వేశా. ఆ అంచు కూడా, పాపం, ఎవడు పట్టాడో గాని గోడలా మందంగా పట్టాడు. సన్నం చేశా." కాఫీ అందుకుని ఒక గుక్క తాగారు. "రేకు చెడ్డది కాదమ్మా. తొందరగా చేశారు, అంతే."

"ఇలా చేస్తే మీరు ఓడిపోతారు."

"పందెం నాది. కాలు వాడిది."

ఆయన మళ్ళీ ఆకురాయి అందుకున్నారు. నేను అక్కడే నిలబడ్డాను.

"నేను చూసింది రాయాలి," అన్నాను చివరికి.

"రాయి. ఎవరొద్దన్నారు? చదవడం మాత్రం ఆఖరి రోజున చదువు. ఇప్పుడు చదివితే మావాడు ఆపమంటాడు. ఆపితే రోజూ చూసేవాడు లేకుండా ఇవి పొలానికి పోతాయి."

రాశాను. తేదీ వేసి, ఏ కత్తికి ఏం చేశారో అడిగి మరీ రాశాను. చదవలేదు.

ఆ తర్వాత మూడు వారాలు గడవడం నాకు కష్టమైంది. మా ఆయన హుషారుగా ఉన్నారు. కొట్టులో అలమరలు ఎక్కడ రావాలో కాగితాల మీద బొమ్మలు వేసేవారు. ఒక ఆదివారం టేపు తెచ్చి కొలిమి గోడ కొలవడానికి వచ్చారు. రెండో కొస పట్టుకునేవాళ్ళు లేక ఇటూ అటూ చూస్తుంటే, మామయ్య సుత్తి కింద పెట్టి వచ్చి టేపు కొస పట్టుకున్నారు.

"గోడకి ఆనించు నాన్నా."

"ఆనించాను. ఎంతొచ్చింది?"

"పద్నాలుగు అడుగులు."

"ఇటు తలుపు వస్తుందిగా, అది తీసెయ్. పదకొండు," అన్నారు మామయ్య.

నేను వంటింట్లోకి వచ్చేశాను. అత్తయ్య ఉల్లిపాయలు తరుగుతున్నారు. నా ముఖం చూసి, "చూశావన్నమాట," అన్నారు.

"మీకు తెలుసా అత్తయ్యా?"

"ఆయన చేతిలో సగం చేసిన వస్తువు పెట్టి ఊరుకోమంటే ఊరుకుంటాడా? నలభై ఏళ్ళ కాపురం. నా గరిటలు కూడా వదల్లేదు."

*

ఆఖరి బండి వెళ్ళిన మర్నాడు కత్తులన్నీ కొలిమి వాకిట్లోకి వచ్చాయి. మేస్త్రమ్మ సాక్షిగా వచ్చి గోడకానుకుని కూర్చుంది. నేను పుస్తకం తెరిచాను.

"పెట్టెవి పన్నెండింటిలో పదకొండు. కొలిమివి పన్నెండింటిలో పది."

మామయ్యే ముందు అన్నారు. "అయితే వాడిదే పైచెయ్యి. సరే. రేపు కొలిమి తిత్తి విప్పేస్తాను."

"ఇంకా ఉంది మామయ్యా," అని ఐదో వారం పేజీ తిప్పి చదివాను. తర్వాతవీ చదివాను. ఏ తేదీన ఏ కత్తి, మూల తిప్పడం, రివెట్లు, అంచు. చదువుతున్నంతసేపూ మా ఆయన కత్తుల్నే చూస్తున్నారు. మధ్యలో ఒకటి తీసి పిడిని కదిపి చూశారు. కదల్లేదు.

"పదకొండూనా?"

"పదకొండూ."

"అయితే ఇది చెల్లదు నాన్నా. నువ్వు ముట్టుకోకపోతే నావి సగం పోయేవి."

"ఎందుకు చెల్లదు? ముట్టుకోకూడదని ఎక్కడుంది? అమ్మాయ్, మొదటి పేజీ చదువు."

చదివాను. ఎక్కడా లేదు. అంత సిగ్గు నాకు పరీక్ష తప్పినా వచ్చేది కాదు.

"రాయకపోతే మాత్రం? ఆమాత్రం తెలీదా?"

"నాకు తెలీదు. వాకిట్లో కత్తి ఉంది, బాగుచేశా. నువ్వు గెలిచావ్."

"గెలవలేదంటున్నాగా."

"లెక్క చెబుతోందిగా."

"నువ్వు కావాలని ఓడిపోతున్నావ్ నాన్నా."

"నువ్వు కావాలని గెలవనంటున్నావ్."

మేస్త్రమ్మ తలగుడ్డ విప్పి ముఖం తుడుచుకుంది. "ఎవరు ఎవరి తరఫున పోట్లాడుతున్నారో నాకు తెలీట్లేదు బాబూ. నేను పొద్దున్నుంచీ ఏమీ తినలేదు."

"నువ్వే చెప్పు మేస్త్రమ్మా," అన్నారు మా ఆయన. "విరిగింది నీ చేతిలోనేగా. వచ్చే కోతకి ఏది కొంటావ్?"

ఆమె ఎర్రచుక్క కత్తి ఒకటి తీసి గాలిలో ఒకసారి విసిరి చూసుకుంది. "ఇదే కొంటా. తేలిక. కానీ పెద్దాయన చెయ్యి పడినదైతేనే. పడనిది ఊరికే ఇచ్చినా నా జట్టులోకి రానివ్వను. నిచ్చెన అసలే ఇప్పటికీ నా పక్క వరస పట్టడు."

మామయ్య లేచి తిత్తి దగ్గరకు వెళ్ళి తాడు ముడి విప్పడం మొదలుపెట్టారు. మాటంటే మాటే ఆయనకు.

"ముట్టుకోకు నాన్నా," అన్నారు మా ఆయన. "గెలిచింది నేనేనంటున్నావుగా. అయితే తీయాలో వద్దో చెప్పేది నేను. అది అలాగే ఉండనీ."

మామయ్య చెయ్యి ముడి మీదే ఆగింది.

"మరి కొట్టు?" అన్నారు అత్తయ్య.

వీధివైపు కిటికీ ఉన్నది మా ఇంట్లో ఒక్క ముందుగదికే. అందులో నా బల్ల, నా పుస్తకాలు, మధ్యాహ్నం పని తెమిలాక నాదనుకునే రెండు గంటలు ఉన్నాయి.

"ముందుగదిలో పెట్టండి," అన్నాను.

అత్తయ్య నా వైపు చూశారు. "మరి నువ్వెక్కడ కూర్చుంటావ్?"

"ఎక్కడో ఒకచోట. గది కొలతలు పది బై తొమ్మిది. అలమరలు పడతాయి." పుస్తకం మూసి మేస్త్రమ్మకు అన్నం పెట్టడానికి లోపలికి వెళ్ళాను.

*

నెల తిరక్కుండానే కొట్టు తెరిచాం. నా బల్ల వంటింటి మూలకు చేరింది. ఇప్పటికీ నా పుస్తకాలకు పోపు వాసన వస్తుంది. పెట్టెలు నేరుగా కొలిమికే వస్తాయి. మామయ్య ఒక్కో కత్తీ విప్పి, చూసి, సరిచేసి ఇస్తే మా ఆయన తీసుకొచ్చి గోడకు తగిలిస్తారు. ఇద్దరూ దాని గురించి ఏమీ మాట్లాడుకోరు. అత్తయ్య కోరుకున్నట్టు మా ఇంట్లో కత్తి అన్న మాట నిజంగానే తగ్గిపోయింది.

తెరిచిన మొదటి వారంలోనే ఎవరో కొత్తాయన వచ్చాడు. గోడమీదివన్నీ చూసి పెదవి విరిచాడు. వాటి మీద వార్నిషు ఉండదు, ఆకురాయి గీతలు కనపడుతుంటాయి. తలుపు సందులోంచి కొలిమి వాకిట్లో విప్పి ఉన్న పెట్టె ఆయన కంటపడింది.

"అదిగో, అవి కొత్తవి కదండీ. మెరుస్తున్నాయి. అందులోంచి ఒకటివ్వండి."

మా ఆయన అటు తిరిగి చూశారు. పెట్టె పక్కన మామయ్య వంగి కూర్చుని ఉన్నారు.

"అవి ఇంకా కత్తులు కాలేదండీ," అన్నారు. "సాయంత్రం రండి."

వాకిట్లో ఆకురాయి చప్పుడు ఒక్క క్షణం ఆగి, మళ్ళీ మొదలైంది.